జీవిత భాగస్వామిది కడప అయితే: అత్తవారిల్లు, గండికోట హోటలు రెండూ కలిసివచ్చేలా ప్రయాణం ఎలా వేసుకోవాలి?

పెళ్లయిన కొత్తలో అత్తవారి ఊరికి వెళ్లినప్పుడు చాలా జంటలకు ఒకటే ఇబ్బంది. రోజంతా చుట్టాలు, పలకరింపులు, భోజనాలు. ఇద్దరూ కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే తీరిక దొరకదు. పోనీ హోటల్లో దిగుదామంటే ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. కడప వైపు ఈ పట్టింపు మరీ ఎక్కువ. సొంత మనుషుల ఇల్లుండగా అల్లుడో కోడలో లాడ్జిలో గది తీసుకున్నారంటే, ఆ ఇంటి మర్యాదకే లోటు వచ్చిందని వీధంతా అనుకుంటుంది.

మా ఆవిడది కడప. ఏటా వెళ్తున్న అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. హోటల్లో ఉండటం తప్పు కాదు, ఎప్పుడు ఉంటున్నామన్నదే ముఖ్యం. ముందు ఇల్లు, చివర్లో హోటలు. అదీ ఊళ్లో కాదు, ఊరికి దూరంగా, పెన్న లోయ అంచున ఉన్న గండికోటలో. ఈ వరుస పాటిస్తే ఎవరికీ మనసు కష్టం కలగదు.

తేదీలు చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తిరగాలన్న కోరిక ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పండగకే వెళ్లాలనుకుంటే మాత్రం ఎండను లెక్కచేయకుండా ఉగాదికో శ్రీరామనవమికో వెళ్లండి. ఉగాది నాడు కడపలోని దేవుని కడప ఆలయానికి ముస్లిం కుటుంబాలు కూడా టెంకాయలు పట్టుకుని వేంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తాయి. బీబీ నాంచారమ్మను పెళ్లాడిన స్వామి తమ ఇంటి అల్లుడని వారి నమ్మకం. అల్లుడి హోదాలో ఆ ఊరికి వెళ్లేవారు ఒక్కసారైనా చూడవలసిన దృశ్యమది. ఇక కడప దగ్గరి ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నవమి ఉత్సవాలను అక్కడే అధికారికంగా జరుపుతోంది.

హైదరాబాదు నుంచి వచ్చేవారికి కాచిగూడలో రాత్రి ఎక్కే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. తెల్లవారేసరికి కడపలో ఉంటారు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులున్నాయి.

హోటలు సంగతి ముందే, ఫోనులోనే చెప్పండి

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. ఎవరి పుట్టిల్లో వాళ్లే చెప్పాలి. అల్లుడు చెబితే ఇంట్లో ఏదో లోటు కనిపించిందేమో అనుకుంటారు. కోడలు చెబితే మా అబ్బాయిని దూరం చేస్తోందనుకుంటారు. అదే కూతురో కొడుకో చెబితే ముద్దుగా విసుక్కుని ఒప్పుకుంటారు.

ఊళ్లో దిగాక చెప్పడం కూడా పనికిరాదు. అప్పటికి అత్తగారు ఏ రోజు ఏం వండాలో మనసులో అనేసుకుని ఉంటారు. బయలుదేరడానికి వారం ముందు ఇలా చెబితే చాలు: "అమ్మా, శుక్రవారం దాకా నీ దగ్గరే ఉంటాం. శనివారం గండికోటకు పోయి ఒక రాత్రి ఉండి, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం." ఇందులో చివరి మాటే అసలైనది. తిరిగి వచ్చి తన చేతి వంటే తింటారని తెలిస్తే ఏ తల్లీ అడ్డు చెప్పదు.

ఇంకో దారి కూడా ఉంది. అత్తమామలకూ అక్కడే ఒక గది తీసుకోండి. ఏళ్ల తరబడి జిల్లాలోనే ఉన్నా గండికోటలో ఒక రాత్రి గడపని పెద్దలు చాలామంది. నాలుగు రోజులుగా పొయ్యి దగ్గరే నిలబడిన ఆమెకు ఒక పూట ఎవరో వడ్డిస్తే తినే అవకాశం దొరుకుతుంది. మొహమాటానికి కాకుండా మనసారా పిలవండి. చాలాసార్లు వాళ్లే "మీరు పోయి రాండి నాయనా" అంటారు.

గది ఎక్కడ తీసుకోవాలి?

నాకు నచ్చినది గండికోటలో పర్యాటక శాఖవారి హరిత హోటలు. పెద్ద హంగులేమీ ఉండవు. కోటకు దగ్గరగా ఉండటమే దాని గొప్ప. సూర్యోదయం చూడాలంటే పక్క ఊరి నుంచి చీకట్లో బండి వేసుకుని రావలసిన పని లేదు. శని, ఆదివారాల్లోనూ చలికాలంలోనూ గదులు తొందరగా నిండిపోతాయి. గండికోట ఉత్సవాల రోజుల్లో ప్రశాంతత ఆశించకండి. రైలు టికెట్టు తీసుకున్న రోజే గది కూడా ఖాయం చేసుకోండి.

ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇంట్లోనే ఉండండి

మనసు హోటలు మీద, మనిషి ఇంట్లో అన్నట్టు ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. మొదటి రోజు ఎటూ పోవద్దు. పెద్దల ఇళ్లకు వెళ్లి పలకరించడం రెండో రోజుకల్లా ముగించండి. ఎవరినీ మరవకండి, ముఖ్యంగా మేనత్తలను.

భోజనంలో సంగటి పెడతారు. ఉడుకుతున్న అన్నంలో రాగిపిండి పోసి, కట్టెతో గట్టిగా కెలికి, తడిచేత్తో ముద్దలు కడతారు. కోస్తా నుంచో తెలంగాణ నుంచో వచ్చినవారు దాన్ని అన్నంలా నమలబోతారు. సంగటిని నమలకూడదు. వేడి ముద్దకు నడుమ గుంట చేసి నెయ్యి వేసుకుని, చిన్న తునక తుంచి నాటుకోడి పులుసులో అద్ది, అలాగే మింగాలి. పక్కన చెనిక్కాయల (వేరుశనగల) ఊరుబిండి, అంటే రోటి పచ్చడి, ఉంటే నాలుక్కి తగిలించండి. మొదటి ముద్ద సరిగ్గా మింగారా లేదా అని ఇంటిల్లిపాదీ చూస్తారు. సగం కడుపుతో ఆపండి, రెండో ముద్ద ఎలాగూ పడుతుంది.

ఒక ఉదయం మాత్రం ఇంటి టిఫిను వద్దని, మీ భాగస్వామి చిన్నప్పుడు తిన్న టిఫిను హోటలుకు తీసుకెళ్లమని అడగండి. పేరున్న చోటు అక్కర్లేదు, తనకు ఇష్టమైన చోటే కావాలి. కారం దోశ చెప్పండి. దళసరి దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, అంచుల వెంబడి నెయ్యి వదులుతారు. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కూడా తెప్పించుకుని ఇద్దరూ పంచుకోండి. ఆ బల్ల దగ్గర కూర్చుంటే బడి రోజుల కబుర్లు వాటంతటవే వస్తాయి. అక్కడి నుంచి బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ కడపలో ఉద్యోగం చేస్తూ, సొంత ఖర్చుతో పండితులను పెట్టి తాళపత్రాలు సేకరించి పరిష్కరింపజేసిన బంగళా ఉన్న చోటు అది. పుస్తకాలంటే ఇష్టమున్న జంటకు అక్కడ పూట గడవడం తెలియదు.

సాయంత్రాలకు దేవుని కడప, పెద్ద దర్గా ఊళ్లోనే ఉన్నాయి. పెన్న ఒడ్డున పుష్పగిరి కూడా దగ్గరే. చెన్నకేశవాలయం గోడల మీది శిల్పాలను వెలుతురు ఉండగానే చూడాలి.

గండికోటకు బయలుదేరడం

కడప నుంచి సుమారు 80 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు. బస్సులో అయితే జమ్మలమడుగులో దిగి ఆటో మాట్లాడుకోవాలి, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు. శనివారం టిఫిను తిని నింపాదిగా కదలండి. ఇంట్లోవాళ్లు కట్టిచ్చే సద్ది వద్దనకండి.

చేరగానే కోట చూడటానికి పరుగెత్తవద్దు. భోంచేసి పడుకోండి. హాయిగా నిద్రపోవడానికే కదా గది తీసుకున్నది. నాలుగు గంటలకు లేచి టీ తాగి కోటలోకి నడవండి. మాధవరాయస్వామి ఆలయ గోపురం, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ రంగనాథాలయం మీదుగా లోయ అంచుకు చేరితే ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పారే పెన్న కనిపిస్తుంది. ఎర్రటి బండలు ఇటుకలు పేర్చినట్టు వరుసలు వరుసలుగా నిలువునా దిగి ఉంటాయి. ఎండ వాలేకొద్దీ ఎదుటి గోడ రంగు మారుతూ పోతుంది. ఫొటోలు ఒకటి రెండు తీసుకుని ఫోను జేబులో పెట్టేయండి. అంచుకు అన్నిచోట్లా కంచె లేదు, కొన్ని బండలు కదులుతాయి. రెండు అడుగులు వెనక్కే కూర్చోండి. చీకటి పడకముందే వెనుదిరగండి, చేతిలో టార్చి ఉంచుకోండి. కోతులున్నాయి, తినుబండారాల సంచి బయటికి తీయవద్దు.

మర్నాడు సూర్యోదయానికి అరగంట ముందే మళ్లీ అక్కడికి వెళ్లండి. జనం పలచగా ఉంటారు. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి శాలువా అవసరం. ఆ గంటసేపు చుట్టాల ఊసు, ఉద్యోగాల ఊసు ఎత్తకండి.

ఇంత దూరం వచ్చాం కదా, బెలుం గుహలు కూడా చూసేద్దామన్న ఆలోచన తప్పక వస్తుంది. 3,229 మీటర్ల పొడవున్న గుహలవి, చూడదగ్గవే. కానీ లోపల ఉక్కపోత, నడక ఎక్కువ. దారికే చాలా సమయం పోతుంది. ఒక్క రాత్రి ప్రయాణంలో దాన్ని ఇరికిస్తే విశ్రాంతి కాస్తా అలసటగా మారుతుంది. రెండో రాత్రి ఉండగలిగితేనే పెట్టుకోండి.

తిరిగి ఇంటికి

గది ఖాళీ చేసి పదిన్నరకల్లా బయలుదేరితే భోజనాల వేళకు కడపలో ఉంటారు. అటునుంచి అటే స్టేషనుకు పోయే ఏర్పాటు ఎట్టి పరిస్థితుల్లోనూ చేసుకోవద్దు. తిరుగు రైలు ఆదివారం రాత్రిదే తీసుకోండి. మధ్యాహ్నం ఓళిగలతో (బొబ్బట్లతో) భోజనం, సాయంత్రం మూటలు కట్టడం ఉంటాయి. పప్పులపొడి, ఎర్రకారం, చెనిక్కాయలు ఎలాగూ ఇస్తారు కనుక సంచిలో ముందే చోటు ఉంచుకోండి. ఎర్రకారానికి మాత్రం మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బా మీరే వెంట తీసుకెళ్లండి.