కుండీలో పుదీనా, కరివేపాకు, తులసి ఏటికేడు నిలవాలంటే ఏం చేయాలి?

కొత్తిమీర సంగతి వేరు, కోసుకుని మళ్లీ విత్తుకోవాల్సిందే. ఈ మూడూ ఏళ్ల తరబడి ఉండే మొక్కలు. మొదటి ఏడు గుబురుగా పెరిగి రెండో ఏడు నీరసించాయంటే చాలాసార్లు కారణం ఎరువు కాదు, వేళ్లకు చోటు చాలకపోవడం.

పుదీనా (తొలకరి పడగానే)

1. మట్టికి 2 అంగుళాల పైన కాడలన్నీ కత్తిరించండి.

2. కుండీ బోర్లించి మట్టిగడ్డను బయటికి తీయండి. అంచు చుట్టూ తెల్లటి పాకుడు కాడలు జడ అల్లినట్టు చుట్టుకుని ఉంటాయి. ముదిరి గోధుమరంగుకు తిరిగిన నడిమి భాగం పారేయండి. తెల్ల కాడల్ని 3, 4 కణుపులుండేలా ముక్కలు చేయండి.

3. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలపండి. లోతు కన్నా వెడల్పు ఎక్కువున్న తొట్టిలో ముక్కల్ని అడ్డంగా పరిచి అంగుళం మందాన మట్టి కప్పండి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి. ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే తుప్పు తెగులే. ఆ కాడలు కోసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో వద్దు.

కరివేపాకు

చలికాలంలో ఎదుగుదల మందగించి ఆకు పసుపెక్కి రాలుతుంది. మొక్క చచ్చిపోతోందని కంగారుపడి ఇంకా నీళ్లు పోస్తారు. వేరు కుళ్లేది అప్పుడే. డిసెంబర్, జనవరిల్లో వేలు దించి చూసి, పైమట్టి 2 అంగుళాలు ఆరాకే పోయండి.

ఫిబ్రవరి చివర్లో ఎత్తులో మూడో వంతు కత్తిరించి, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేయండి. కోత కింద కొత్త కొమ్మలు పుడతాయి. ఆకులు మాత్రమే దూసుకుంటూ పోతే మొక్క కర్రలా పైకి సాగుతుంది. ఆకు కోసం పెంచుతున్నప్పుడు పూత ఉంచకండి. రెండేళ్లకోసారి కుండీ సైజు పెంచుతూ 16 అంగుళాల దాకా వెళ్లండి.

ఆకు మీద పక్షి రెట్టలా ఏదైనా కనిపిస్తే దగ్గరగా చూడండి, కదులుతుంది. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. నాలుగుంటే చాలు, చిన్న మొక్క మోడైపోతుంది. చేత్తో ఏరేయండి. రేపు పోపులో వేసే ఆకు మీద మందు కొట్టడం దేనికి?

తులసి

వెన్ను (కొమ్మ చివర వచ్చే పూల కంకి) కనిపించగానే తుంచేయండి. గింజ కట్టిందంటే కొత్త ఆకు తగ్గిపోతుంది. రెండు మూడేళ్లకు కాండం ఎలాగూ ముదురుతుంది కాబట్టి ఒక్క వెన్నును ఎండనిచ్చి, గింజల్ని తడిమట్టి పైన చల్లి, పలచగా ఇసుక జల్లితే చాలు. కార్తీక దీపాలు కాండానికి జానెడు ఎడంగా పెట్టండి, లేదంటే ఆ సెగకు కింది కొమ్మలు మాడిపోతాయి.