బరోక్ కచేరీ విన్న రాత్రే పియానో ముందు కూర్చోండి

బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) కచేరీకి వెళ్తే హార్ప్సికార్డ్ (పియానో కంటే పాతదైన, తీగలు మీటే మెట్ల వాయిద్యం) కనిపించే సీటు చూసుకోండి. ఆ కాలపు కాగితాల్లో అది వాయించేవాళ్లకి కింది స్వరాలు, వాటి దగ్గర కొన్ని అంకెలు, అంతే ఉండేవి (దీన్నే ఫిగర్డ్ బేస్ అంటారు), కుడిచేయి అప్పటికప్పుడు అల్లుకోవాల్సిందే. నాకు ఇది తెలిశాకే పియానో దగ్గర టెన్షన్ పోయింది.

ఇంటికి రాగానే, చెవిలో ఆ నాదం ఉండగానే, ఎడమచేత్తో ఎ, జి, ఎఫ్, ఇ అనే స్వరాల మీదుగా మెల్లగా దిగుతూ, ఒక్కోదానికి నాలుగు లెక్కలిచ్చి, అదే తిప్పి తిప్పి వాయిస్తూ ఉండండి. 17వ శతాబ్దపు శోకగీతాల్లో తరచూ వినిపించే వరుస ఇది. కుడిచేయి మొదట ఒక్కో స్వరమే, తెల్ల మెట్ల మీదే. ఇ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం జి షార్ప్ (జి కి కుడిపక్కనున్న నల్ల మెట్టు) నొక్కి చూడండి, మళ్లీ ఎ కి వెళ్లమని అదే లాగుతుంది, ఎంత బాగుంటుందో! తప్పు స్వరం పడితే ఆగకుండా పక్క మెట్టుకి జారండి.