కార్పెట్ అనిమోన్ నోరు తెరిచేసింది: నా అనుభవం

మా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) లోకి వచ్చిన మూడో వారానికే హడ్డోనీ రకం కార్పెట్ అనిమోన్ (చాపలా పరుచుకునే, పువ్వులా కనిపించే సముద్రజీవి) తేడా చేసింది. పగలు ముడుచుకుపోయేది, రాత్రి గాజు గోడ వెంట పాకేది. ఒక పొద్దున చూస్తే నోరు వదులుగా తెరుచుకుని లోపలి పొర బయటికి వచ్చేసి ఉంది. టెన్షన్‌లో రొయ్య ముక్క పెట్టాను, గంటకే కక్కేసింది. నీరసంగా ఉన్నదానికి మేత పెట్టడం నా తప్పే.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే నీటి సాంద్రత (మంచినీళ్లది 1 అనుకుంటే) 1.029, అంటే ఉప్పు ఎక్కువైపోయింది! ఆవిరైన నీళ్ల బదులు నేను ఉప్పునీళ్లే పోస్తున్నాను. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదు కదా. రోజూ కొంచెం ట్యాంకు నీళ్లు తీసి, అంతే ఆర్ఓ (ఉప్పు తీసేసిన) నీళ్లు పోస్తూ వారంలో 1.025కి దించాను. ఇప్పుడు తగ్గిన మట్టానికి ఆర్ఓ నీళ్లే, అదీ రోజూ.

ఇసుక కూడా రెండంగుళాలే ఉండేది. ఈ రకం ఇసుకలోకి పాదం దించి అడుగు గాజుకి అతుక్కుంటుంది, బెదిరితే మొత్తంగా లోపలికి లాగేసుకుంటుంది. అందుకే ఒక మూల ఐదంగుళాలు చేశాను. నీళ్లలో అలలు పుట్టించే ఫ్యాను లాంటి వేవ్‌మేకర్‌కి స్పాంజి తొడిగాను, పాకుతూ అందులో పడితే ముక్కలే మరి.

పదో రోజుకి నోరు బిగిసింది. ఇప్పుడు తాకితే జిగురు టేపులా పట్టేస్తోంది. గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టడం మానేశాను.