సమాచార హక్కు స్వయంబోధన – 6వ పాఠం: కమిషన్ కూడా పలకకపోతే

ఈ పాఠం హైకోర్టు రిట్ గురించి, అంటే ప్రభుత్వ సంస్థకు ఆదేశం ఇవ్వమని హైకోర్టులో వేసే పిటిషన్ గురించి. అయితే రెండో అప్పీలు (సమాచార అధికారి దగ్గర, మొదటి అప్పీలు అధికారి దగ్గర పని కానప్పుడు సమాచార కమిషన్‌కు వేసేది) పాఠం చదివాక మీరు రాసి పంపిన కాగితాలు చూస్తే, ముందు ఒక సంగతి తేల్చుకోకుండా కోర్టు గడప ఎక్కడం దండగ అనిపించింది. మీలో చాలామంది కమిషన్‌కు పంపింది అప్పీలు కాదు, ఫిర్యాదు. పైన ‘సెక్షన్ 18 కింద ఫిర్యాదు’ అని రాసి, కింద ‘నాకు సమాచారం ఇప్పించగలరు’ అని కోరారు.

ఈ రెండూ ఒకచోట కుదరవు. సమాచారం ఇప్పించే అధికారం కమిషన్‌కు సమాచార హక్కు చట్టం సెక్షన్ 19 కింద వచ్చే అప్పీల్లోనే ఉంది. సెక్షన్ 18 ఫిర్యాదులో కమిషన్ విచారణ చేయగలదు, అధికారికి జరిమానా వేయగలదు. మీరడిగిన కాగితం మాత్రం ఇప్పించజాలదు. సుప్రీంకోర్టు 2011 డిసెంబరు 12న మణిపూర్ కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. అక్కడ 2007లో పెట్టిన దరఖాస్తుకు జవాబు రాలేదు. దరఖాస్తుదారు నేరుగా ఫిర్యాదుకు వెళ్లారు, కమిషన్ సమాచారం ఇమ్మని చెప్పింది, ప్రభుత్వం కోర్టుకెక్కింది. నాలుగేళ్లు దాటాక సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, సెక్షన్ 19 కింద అప్పీలు వేసుకోండి అని. అంటే మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే.

‘ఆ అధికారికి జరిమానా పడాలి, అందుకే ఫిర్యాదు చేశాం’ అని కొందరు రాశారు. మీ కోపం న్యాయమైనదే. కానీ సెక్షన్ 20 ఒకసారి తీసి చదవండి. ఫిర్యాదును తేల్చేటప్పుడైనా, అప్పీలును తేల్చేటప్పుడైనా కమిషన్ జరిమానా వేయవచ్చని అందులోనే ఉంది. రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 మించకుండా. కాబట్టి రెండో అప్పీల్లోనే రెండూ అడగండి. మొదటి కోరిక సమాచారం, అదీ ఉచితంగా, ఎందుకంటే గడువు దాటితే ఫీజు తీసుకోకూడదని సెక్షన్ 7(6) చెబుతోంది. రెండో కోరిక జరిమానా. నష్టం జరిగి ఉంటే సెక్షన్ 19(8)(బి) కింద పరిహారం కూడా. జవాబు ఇవ్వకపోవడానికి తగిన కారణం ఉందని నిరూపించుకోవాల్సింది ఆ అధికారే. అసలు దరఖాస్తే తీసుకోనన్నప్పుడు, సమాచార అధికారినే నియమించనప్పుడు ఫిర్యాదు మంచి దారి. కాగితం కావాలంటే అప్పీలు ఒక్కటే దారి. ఇప్పటికే ఫిర్యాదు పంపినవాళ్లు రెండో అప్పీలుకున్న 90 రోజుల గడువు మిగిలి ఉంటే వెంటనే అప్పీలు వేరేగా వేయండి. గడువు దాటితే ఆలస్యానికి కారణం రాసి వేయండి, కారణం సరైనదనిపిస్తే కమిషన్ తీసుకోవచ్చు.

మరి తేదీలు. ఇక్కడా తడబడ్డారు. మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు, ఆఫీసుకు అందిన రోజు నుంచి లెక్క. పంచాయతీ సీసీ రోడ్డు ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు కోసం మీ దరఖాస్తు మార్చి 3న అందిందనుకుందాం. ఏప్రిల్ 2తో 30 రోజులు నిండుతాయి. మౌనంగా ఉన్నా చట్టం దృష్టిలో అది తిరస్కరణే. అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే మే 2 లోపు, మొదటి అప్పీలు వేయాలి. మీరు దాన్ని ఏప్రిల్ 10న ఇన్‌వర్డ్‌లో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ఇచ్చారనుకుందాం. అప్పీలు అధికారికి మే 10 దాకా గడువు. కారణాలు రాసిపెడితే 45 రోజులు, అంటే మే 25 దాకా. రెండో అప్పీలు గడువు 90 రోజులు. నా పద్ధతి ఏమిటంటే, మే 25 దాకా ఆగుతాను, కానీ 90 రోజులు మాత్రం మే 10 నుంచే లెక్కపెడతాను. ఆగస్టు 8 దాటనివ్వను. అప్పుడు గడువు మీద ఎవరూ వేలెత్తి చూపలేరు.

వీలైతే కాగితాలు స్వయంగా ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. స్పీడ్ పోస్టు అయితే ట్రాకింగ్ పేజీని అందిన వారంలోనే ప్రింట్ తీసుకోండి. కొన్నాళ్లకు ఆ వివరాలు ఆన్‌లైన్లో కనబడవు.

ఇక రిట్. మామూలు సివిల్ కోర్టులో దావా వేయడం కుదరదు, ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వుల మీద దావాలను సెక్షన్ 23 అడ్డుకుంటుంది. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టుకున్న అధికారాన్ని మాత్రం ఏ చట్టమూ తీసేయలేదు. తెలంగాణవారికి హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌వారికి అమరావతిలో. రైల్వే, బ్యాంకు లాంటి కేంద్ర సంస్థల మీద రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లినా, వ్యవహారం ఇక్కడ జరిగిందని చూపగలిగితే రిట్ మన హైకోర్టులోనే వేయవచ్చు.

సమాచార అధికారి జవాబివ్వలేదని నేరుగా రిట్ వేస్తే, అప్పీలు దారి ఉంది కదా, అక్కడికి వెళ్లండి అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. రెండో అప్పీలు వేసి, కమిషన్ నెలల తరబడి దాన్ని విచారణకు తీసుకోకపోతే అప్పుడు మీ కేసు బలంగా నిలుస్తుంది. రెండో అప్పీలును ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలో గడువు లేదు, ఈ సందులోనే ఫైళ్లు మగ్గుతున్నాయి. అందుకే అడగాల్సింది మాండమస్, అంటే చేయాల్సిన పని చేయమని అధికారులకు కోర్టు ఇచ్చే ఆదేశం: ‘నా అప్పీలును ఫలానా వారాల్లోగా విని తేల్చమని కమిషన్‌ను ఆదేశించండి’ అని. ఎం-బుక్ ఇప్పించమని హైకోర్టునే అడిగితే వాదన పెరుగుతుంది, కేసు సాగుతుంది. చిన్న కోరిక త్వరగా తెగుతుంది.

రిట్‌కు ముందు కమిషన్‌కు ఒక లేఖ తప్పకుండా పంపండి. అప్పీలు తేదీ, నంబరు రాసి, విచారణ తేదీ ఇవ్వమని అడగండి. ‘అడిగాను, చేయలేదు’ అని చూపడం మాండమస్‌కు ప్రాణం. ప్రతివాదులుగా కమిషన్‌ను, మొదటి అప్పీలు అధికారిని, సమాచార అధికారిని వారి హోదాలతో చేర్చండి. వకాలత్, ఫీజులు మీ లాయరు చూసుకుంటారు.

అభ్యాసం. మీ ఫైలుకు ఒకే పేజీలో తేదీల పట్టిక రాయండి. ప్రతి వరుసలో ఏం జరిగింది, ఏ తేదీన, చట్టం ఇచ్చిన గడువు ఎప్పుడు ముగిసింది, దానికి రుజువు ఫైల్లో ఎన్నో పేజీలో ఉంది. రుజువు లేని వరుస కొట్టేయండి, అది కోర్టులో నిలబడదు. తర్వాత ఫైలు పక్కన పెట్టి, ఈ పట్టికను మీ కేసు గురించి ఏమీ తెలియని మనిషికి ఇవ్వండి. ఏ ఆఫీసు ఎన్ని రోజులు ఆలస్యం చేసిందో ఆయన మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చెప్పగలగాలి. అడిగితే పట్టిక మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో అఫిడవిట్ ఈ పట్టిక మీదే కడతాం, అది లేకుండా ముందుకు రాకండి.