కెనడా స్పౌజ్ పీఆర్: దరఖాస్తు ఎప్పుడు, ప్రయాణం ఎప్పుడు

భార్యనో భర్తనో స్పాన్సర్ చేసి కెనడాలో స్థిరపడాలనుకునేవారు అందరికంటే ముందు అడిగేది ‘ఎన్ని నెలలు పడుతుంది’ అనే. ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐఆర్‌సీసీ, ప్రకటించే ప్రాసెసింగ్ సమయం కేవలం అంచనా. దాన్ని నమ్మి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన తేదీ, విమాన టికెట్టు తేదీ రెండూ తలకిందులైనవారు చాలామందే ఉన్నారు. కాబట్టి దరఖాస్తును వీలైనంత ముందుగా పెట్టి, ప్రయాణాన్ని మాత్రం చేతికి కాగితం వచ్చేవరకు ఖాయం చేసుకోకుండా ఉండటమే క్షేమమని నా అభిప్రాయం.

స్పాన్సర్ ఎక్కడ ఉన్నారన్నది మొదట చూసుకోవాలి. పీఆర్ (శాశ్వత నివాస హోదా) మాత్రమే ఉన్నవారు కెనడాలో నివసిస్తూ ఉంటేనే స్పాన్సర్ చేయగలరు. పౌరులైతే విదేశంలో ఉండగానే చేయవచ్చు, కానీ భాగస్వామికి పీఆర్ వచ్చాక ఇద్దరూ కెనడాలోనే ఉంటామని నమ్మించే ఆధారాలు, అంటే ఉద్యోగ ప్రయత్నాలు, అద్దె ఇంటి గురించి జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు వంటివి, జతచేయాలి. ఈ వెసులుబాటు తెలియక పౌరులైన భాగస్వాములు ముందుగా ఒంటరిగా వెళ్లిపోయి, అక్కడినుంచి దరఖాస్తు పెట్టి, నెలల తరబడి విడివిడిగా ఉండిపోతుంటారు. తాను స్వయంగా స్పౌజ్ స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవారైతే, పీఆర్ పొందిన నాటినుంచి 5 ఏళ్లు నిండాకే మరొకరిని ఆ విధంగా స్పాన్సర్ చేయడానికి వీలవుతుంది.

పెళ్లి తేదీ విషయంలో జరిగే పొరపాటు అన్నిటికంటే ఖరీదైనది. సొంత పీఆర్ దరఖాస్తు నడుస్తుండగానో, ఆమోదం వచ్చి ఇంకా ల్యాండ్ కాకముందో (అంటే పీఆర్ హోదాతో కెనడాలో అడుగుపెట్టకముందో) పెళ్లి చేసుకుని, ‘తర్వాత చెప్పుకోవచ్చులే’ అని ఆ సంగతి తెలియజేయకుండా ల్యాండ్ అయితే, ఇమిగ్రేషన్ నిబంధనల్లోని 117(9)(డి) ప్రకారం ఆ భాగస్వామిని ఆపైన ఫ్యామిలీ క్లాస్‌లో, అంటే కుటుంబ సభ్యులకోసం ఉన్న తరగతిలో, స్పాన్సర్ చేసే హక్కు పోవచ్చు. ఆలస్యం అవుతుందన్న భయంతో దాచడం కంటే, తెలియజేసి మరికొన్ని నెలలు ఆగడమే నయం. దరఖాస్తు నడుస్తుండగా బిడ్డ పుట్టినా ఇదే జాగ్రత్త అవసరం.

కెనడా లోపలినుంచి పెట్టాలా, బయటినుంచి పెట్టాలా అన్నది తర్వాతి నిర్ణయం. లోపలి తరగతిలో భాగస్వామి ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ మధ్యలో దేశం దాటితే తిరిగి రానిస్తారన్న హామీ ఉండదు, తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కూ ఉండదు. బయటి తరగతిలో స్పాన్సర్‌కు ఆ హక్కు ఉంది. రాకపోకలు తప్పనివారికి బయటి తరగతే అనువైనది.

ఇక గడువుల లెక్క. ప్రస్తుతం నివసిస్తున్న దేశపు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ దరఖాస్తు సమర్పించే నాటికి 6 నెలల లోపుది అయి ఉండాలి, కనుక మిగతా పత్రాలు సిద్ధమయ్యాకే దాన్ని తీసుకోవడం తెలివైన పని. వైద్య పరీక్షకు ఐఆర్‌సీసీ నుంచి సూచన వచ్చాక 30 రోజుల్లో హాజరుకావాలి, దాని ఫలితం 12 నెలలు చెల్లుతుంది. చివర్లో వచ్చే సీఓపీఆర్ (పీఆర్ ఖరారైందని తెలిపే పత్రం) గడువు సాధారణంగా ఈ వైద్య పరీక్ష, పాస్‌పోర్టు గడువుల్లో ముందు ముగిసేదాన్ని బట్టే ఉంటుంది, దాన్ని పొడిగించరు. ఉదాహరణకు, జనవరి 10న పరీక్ష జరిగి అక్టోబరు చివర్లో ఆమోదం వచ్చిందనుకుంటే, ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగంలో నోటీసు పీరియడ్ ముగించుకుని, కెనడాలో అడుగుపెట్టడానికి మిగిలేది దాదాపు 10 వారాలు. పాస్‌పోర్టు గడువు నవంబరులోనే ముగుస్తుంటే ఆ 10 వారాలూ ఉండవు. అందుకే పాస్‌పోర్టును దరఖాస్తుకు ముందే రెన్యూ చేయించుకోవాలి.

ఈ ఎదురుచూపుల్లో చేయదగిన పని ఒకటుంది: సామాన్ల జాబితా. వెంట తెచ్చేవి ఒక భాగంగా, తర్వాత రాబోయేవి మరో భాగంగా రాసి, ల్యాండ్ అయ్యే రోజే సరిహద్దు అధికారికి ఇవ్వాలి. ఆ రోజు రాయనివి తర్వాత వస్తే సుంకం పడవచ్చు. ల్యాప్‌టాప్‌కు సీరియల్ నంబరు రాయాలి. నగలకైతే ‘బంగారు హారం’ అని ఊరుకోకుండా బరువు, రాళ్ల వివరం రాసి ఫోటో జతచేస్తే ప్రశ్నలు తగ్గుతాయి. 10,000 కెనడియన్ డాలర్లు, అంతకు మించిన నగదు ఉంటే ప్రకటించడం తప్పనిసరి.

ల్యాండ్ అయి వెంటనే వెనక్కి వచ్చి పనులు చక్కబెట్టుకోవాలనుకునేవారు పీఆర్ కార్డు సంగతి మరిచిపోకూడదు. 180 రోజుల్లో కెనడా చిరునామా ఇస్తేనే మొదటి కార్డు అక్కడికి వస్తుంది, విదేశీ చిరునామాకు పంపరు. కార్డు చేతిలో లేకుండా తిరుగు విమానం ఎక్కాలంటే ట్రావెల్ డాక్యుమెంట్‌కు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. నా సలహా అడిగితే, కార్డు వచ్చేవరకు అక్కడే ఉండగలిగిన సమయం చూసుకునే మొదటి ప్రయాణం పెట్టుకోవాలి.