దీర్ఘకాలపు నొప్పి – ఇంటి దగ్గర సాధన. మూడో పాఠం: పునాది లెక్క కట్టడం

పోయిన పాఠంలో వేయమన్న ఏడు రోజుల పట్టిక దగ్గర పెట్టుకుని ఇది చదవండి. ఇక్కడ చేయబోయే ప్రతి లెక్కకూ అంకెలు అందులోంచే రావాలి. పట్టిక వేయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రావడం మేలు.

పట్టికలో రెండు గళ్లు పక్కపక్కన పెట్టి చూడండి: ఆ రోజు ఎంత పని చేశారు, మర్నాడు నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేశారు. చాలామంది పట్టికల్లో ఒకే వరస కనబడుతుంది. నొప్పి నెమ్మదించిన రోజు పేరుకుపోయిన పనులన్నీ ఒక్క ఊపులో చేసేస్తారు. మర్నాడు నడుము పట్టేస్తుంది. రెండు రోజులు మంచం దిగరు. కాస్త తేరుకోగానే మళ్లీ అదే ఊపు. పడుకున్న రోజుల్లో కండరం బలం తగ్గుతుంది కాబట్టి ఈసారి అదే పని ఇంకాస్త ముందే నొప్పి తెస్తుంది. ఇలా కొన్ని చుట్లు తిరిగేసరికి మంచి రోజున చేయగలిగిన పని కూడా కుంచించుకుపోతుంది. ఈ చక్రంలో మనిషిని ముంచేది మంచి రోజే. చెడ్డ రోజున ఎవరూ అతి చేయరు.

అందుకే ఈ పాఠంలో నేర్చుకోబోయేది ఒక్కటే: ఎంతసేపు చేయాలో, ఎప్పుడు ఆపాలో నొప్పిని అడగకుండా గడియారాన్ని అడగడం.

ఎవరికి, ఎవరికి కాదు

మూడు నెలలు దాటి ఉంటున్న నొప్పి, ఒకసారి డాక్టరు చూసి ప్రమాదకరమైన కారణం లేదని తేల్చిన నొప్పి ఉన్నవాళ్లకు ఈ పాఠం. నిన్నో మొన్నో బెణికిన మడమకో, మూటెత్తినప్పుడు పట్టిన నడుముకో మొదటి పాఠం చాలు. అక్కడ కూడా మంచాన పడటం మందు కాదని చెప్పుకున్నాం, గుర్తుందిగా.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పాఠం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి: మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా జారడం, మల విసర్జన అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, కాలు పట్టు తప్పడం. వీటికి గంటలు కూడా లెక్కే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, ఇవి కూడా ముందు పరీక్ష చేయించుకోవాల్సినవే.

ఇంకో మినహాయింపు. కొంచెం శ్రమ పడినా ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్లంతా కూలబడిపోయే జబ్బు ఒకటుంది, దీర్ఘకాలిక అలసట వ్యాధి అంటారు. వాళ్లు వారం వారం శ్రమ పెంచే ఈ పద్ధతి పాటించకూడదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగానే చెప్పాయి.

నొప్పి మాట ఎందుకు నమ్మకూడదు

కొత్త గాయంలో నొప్పి చెప్పేది చాలావరకు నిజం. నెలల తరబడి మోగుతున్న నొప్పి సంగతి వేరు. వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పి సంకేతాలు మోసే నరకణాలు మరీ సున్నితమైపోయి, చిన్న కదలికకే పెద్ద కేక పెడతాయి. గాయం మానినా కేక ఆగదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, కణజాలం నిజంగా దెబ్బతిన్నప్పటి అనుభవంతో పాటు దానిని పోలిన అనుభవాన్నీ నొప్పి కిందే చేర్చింది. అంటే మీ నొప్పి నిజమే, ఊహ కాదు. కానీ అది వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో తెగిందని అర్థం కాదు.

ఎమ్మారై కాగితం చూసి బెదిరిపోయినవాళ్లకు ఒక లెక్క. 2015లో అచ్చయిన ఒక సమీక్షలో, నడుము నొప్పి లేనే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూశారు. డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరుగుదల 20 ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి కనబడింది. తల నెరవడం లాంటిదే అది. కాగితం మీద 'అరుగుదల' అన్న మాట చదివి నడక మానేసినవాళ్లు ఆ అంకెలు ఒకసారి చూడాలి.

లెక్క కట్టే తీరు

ఒకేసారి ఒక్క పని ఎంచుకోండి. కూర్చోవడం, నిలబడటం, నడవడం, వంగి ఇల్లు ఊడవడం, వీటిలో మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఏదైతే అది. పట్టికలో దానికి సంబంధించిన అంకెలు ఏవైనా ఐదు తీసుకోండి. ఐదులో మంచి రోజులూ చెడ్డ రోజులూ రెండూ ఉండాలి. అంకె అంటే ఇక్కడ ఏమిటో జాగ్రత్తగా చూడండి: పని మొదలుపెట్టిన దగ్గర నుంచి నొప్పి పెరగడం మొదలైన క్షణం దాకా ఎన్ని నిమిషాలు. ఓర్చుకోలేక వదిలేసిన క్షణం కాదు.

కూర్చోవడానికి ఒకరి పట్టికలో ఇలా ఉందనుకోండి: 25, 14, 18, 11, 22 నిమిషాలు. మొత్తం 90. ఐదుతో భాగిస్తే సగటు 18. అందులో ఐదో వంతు తీసేయండి, అంటే 80 శాతం ఉంచండి: 14.4. అరకొర వదిలేసి 14 అనుకోండి. అదే పునాది లెక్క. ఇంకొకరికి నడక 12, 7, 9, 15, 7 నిమిషాలు. మొత్తం 50, సగటు 10, పునాది 8 నిమిషాలు.

ఐదో వంతు ఎందుకు కోసేస్తామంటే, సగటు దగ్గరే ఆగితే చెడ్డ రోజుల్లో ఆ అంకె అందుకోలేరు. పునాది అన్నది చెడ్డ రోజున కూడా దాదాపుగా చేయగలిగేలా ఉండాలి.

ఇక అమలు. కూర్చునే ముందు ఫోన్లో 14 నిమిషాలకు అలారం పెట్టండి. మోగగానే లేవండి. నొప్పి లేకపోయినా, పని సగంలో ఉన్నా, 'ఇంకొక్క రెండు నిమిషాలు' అనిపించినా లేవండి. లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి మళ్లీ కూర్చుని మళ్లీ 14 పెట్టుకోవచ్చు. నడకైతే 8 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు, మధ్యలో కనీసం రెండు గంటల ఎడం. మంచి రోజున కూడా 8 నిమిషాలే. ఇది రాసినంత తేలిక కాదు. ఒంట్లో హాయిగా ఉన్న రోజు ఎనిమిదో నిమిషానికి వెనక్కి తిరగడమే ఈ పాఠం మొత్తంలో కష్టమైన పని.

ఎక్కడ పొరపడతారు

మంచి రోజుల అంకెలే తీసుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. 25, 22 చూసి పునాది 20 అనుకుంటారు, మూడో రోజుకే చతికిలపడతారు, పద్ధతే పని చేయదని తేల్చేస్తారు.

రెండోది, దూరంతో కొలవడం. కిలోమీటరు అనుకుంటే మధ్యలో నొప్పి వచ్చినా ఆపలేరు, ఇల్లు చేరాలి కదా. నిమిషాలతో కొలవండి. ఎనిమిది నిమిషాల నడకంటే నాలుగు వెళ్లడానికి, నాలుగు రావడానికి.

లెక్క కట్టే వారంలో నొప్పి మాత్రలు అదనంగా వేసుకుని కొలిస్తే అంకె ఉబ్బుతుంది. రోజూ వేసుకునే మందులు అలాగే వేసుకుంటూ కొలవండి. నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా మానేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాల్సిన మందులవి.

నడుము బెల్టు కట్టుకుని కొలవొచ్చా అని కొందరికి అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును సాగదీసి లాగే చికిత్స) మామూలుగా వాడవద్దనే చెప్పింది. వ్యాయామాన్ని, నొప్పి గురించి అవగాహన పెంచడాన్ని వాడదగ్గవాటిలో చేర్చింది. బెల్టు లేకుండానే కొలవండి.

పెంచడం

మొదటి వారం పునాది మీదే ఉండండి, పెంచకండి. రెండో వారం నుంచి వారానికి ఒకసారి పదో వంతు చొప్పున పెంచండి. 14 నిమిషాలకు పదో వంతు 1.4, అంటే ఒక నిమిషం: 14, 15, 16. ఎనిమిదికి పదో వంతు నిమిషం కూడా రాదు కాబట్టి వారానికి ఒక నిమిషం. పది వారాల్లో 8 నిమిషాల నడక 17 అవుతుంది. ఇది నత్తనడకే. కానీ ముందటి నెలల పట్టిక తిరగేస్తే, ఊపులో సాధించిందంతా మంచంలో ఎలా కరిగిందో కనబడుతుంది.

పని చేస్తున్నప్పుడు నొప్పి మామూలు కంటే రెండు మార్కుల దాకా పెరిగి, 24 గంటల్లో పాత మార్కుకు దిగితే ఫర్వాలేదు, కొనసాగించండి. మర్నాటికీ దిగకపోతే ఆ వారం పెంచకండి. వరసగా రెండు వారాలు అలాగే ఉంటే ముందటి వారం అంకెకు వెనక్కి రండి.

నొప్పి తిరగబెట్టినప్పుడు

తిరగబెడుతుంది. అంతా సరిగ్గా చేసినా నిద్ర చాలని రాత్రో, మనసు బాగోలేని వారమో తిరగబెడుతుంది. అప్పుడు చేయాల్సినవి ఇప్పుడే, నెమ్మదిగా ఉన్న రోజే, ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. నొప్పిలో ఉన్నప్పుడు ఆలోచన సాగదు.

కాగితంలో మొదటి వరస: పైన చెప్పిన ప్రమాద సూచనలు ఏమైనా ఉన్నాయా? లేకపోతే తర్వాతి వరస: మోతాదు సగం చేయాలి, సున్నా చేయకూడదు. 8 నిమిషాల నడక రెండు రోజులు 4 నిమిషాలు, తర్వాతి రెండు రోజులు 6, ఐదో రోజు మళ్లీ 8. వారం మొత్తం పడుకుంటే పునాది మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వస్తుంది.

కాపడం పెట్టుకోవచ్చు, 15 నుంచి 20 నిమిషాలు. వేడినీళ్ల సంచీకి బట్ట చుట్టండి, దాని మీద పడుకోకండి, పెట్టుకుని నిద్రపోకండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు పాదాలకు కాపడం జోలికి పోవద్దు, కాలినా తెలియదు. రోజూ ఒకే చోట గంటల తరబడి కాపితే చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు చారలు పడతాయి. అలా కనబడితే మానేయండి.

శ్వాస సాధన కూడా కాగితంలో రాయండి: నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి, ఐదు నిమిషాలు. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. తల తిరిగినట్టుంటే మామూలుగా పీల్చండి, బలవంతంగా గాలి తీస్తున్నారని దానర్థం.

ఈ వారం పని

ఒక్క పనికే పునాది కట్టండి, దాన్నే ఏడు రోజులు పాటించండి. పట్టికలో కొత్తగా ఒక గడి చేర్చండి: అలారం మోగగానే ఆపారా, ఆపలేదా. ఆపని ప్రతిసారీ ఎందుకు ఆపలేదో రెండు మాటలు రాయండి. రాత్రి నిద్రపోయిన సమయం, మెలకువ వచ్చిన సమయం కూడా రాస్తూ ఉండండి. నాలుగో పాఠం నిద్ర మీద, ఆ అంకెలు లేకుండా అది మొదలుపెట్టలేం.