సిటీస్ స్కైలైన్స్‌లో ఊరు స్తంభించిపోతే ఎలా బాగుచేయాలి?

ఊరు కట్టి నడిపే కంప్యూటర్ ఆట సిటీస్ స్కైలైన్స్ ఆడేవాళ్లందరికీ ఒక దశ వస్తుంది. ఊరు బాగానే పెరుగుతుంటుంది, ఖజానాలో డబ్బులూ ఉంటాయి. ఉన్నట్టుండి ఇళ్ల మీద గుర్తులు లేవడం మొదలవుతుంది. ఒక గల్లీలో చెత్త, ఇంకో గల్లీలో తీసుకెళ్లని శవాలు, దుకాణాల్లో సరుకు లేదు, ఫ్యాక్టరీల్లో ముడిసరుకు లేదు. చెత్త గుర్తు కనిపించగానే ఇంకో డంపింగ్ యార్డు, శవం గుర్తు కనిపించగానే ఇంకో శ్మశానం కడుతూ పోతే డబ్బులు అయిపోతాయి, గుర్తులు మాత్రం పోవు. వీటిలో చాలావరకు రోడ్డు జబ్బులే. రోడ్డు సరిచేస్తే సగం గుర్తులు వాటంతట అవే మాయమవుతాయి.

ఫిన్లాండ్‌కు చెందిన కలోసల్ ఆర్డర్ తయారుచేసిన ఈ ఆట మొదటి భాగం 2015 మార్చిలో, రెండో భాగం 2023 అక్టోబర్‌లో వచ్చాయి. మామూలు ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకు మొదటిదే నయం కాబట్టి ఇక్కడ చెప్పేది ముఖ్యంగా దాని గురించే. రెండో భాగంలో తేడా ఉన్న చోట చెబుతాను. ఉదాహరణలు మాత్రం మన వరంగల్, హనుమకొండ, కాజీపేటలవే.

ముందు పాజ్ కొట్టండి

కొత్తది ఏదీ కట్టకముందు ఆట ఆపి ఈ వరుసలో చూడండి.

1. గుర్తు ఉన్న బిల్డింగ్ మీద క్లిక్ చేసి, అసలు ఇబ్బంది ఏమిటో చదవండి. దూరం నుంచి చూస్తే గుర్తులు ఒకదానిలా ఒకటి ఉంటాయి.

2. ఆ సేవ అందించాల్సిన బిల్డింగ్ దగ్గరికి వెళ్లండి. చెత్త సమస్యయితే డంపింగ్ యార్డు మీద క్లిక్ చేయండి. ఎన్ని బండ్లు ఉన్నాయి, అందులో ఎన్ని బయట తిరుగుతున్నాయి అన్నది అక్కడ కనిపిస్తుంది.

3. బండ్లు ఖాళీగా యార్డులోనే ఉన్నాయా? అయితే దారి తెగిందన్నమాట. వన్‌వే రోడ్డు తిరగేసి వేయడం, వంతెన చివర అతకకపోవడం లాంటివి వెతకండి. యార్డును ఖాళీ చేసే మోడ్‌లో పెట్టి మరిచిపోయినా ఇంతే. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు యార్డు కొత్త చెత్త తీసుకోదు.

4. బండ్లన్నీ బయటే ఉన్నాయా? ఒక బండిని పట్టుకుని దాని వెంటే వెళ్లండి. ఏదో ఒక చౌరస్తాలో ఇరుక్కుని కనిపిస్తే మీ సమస్య చెత్త కాదు, ఆ చౌరస్తా. బండ్లు హాయిగా తిరుగుతున్నా చెత్త మిగులుతుంటే, అప్పుడే ఇంకో యార్డు కట్టాలి.

ఫైరింజన్, అంబులెన్స్, వైకుంఠ రథం దేనికైనా ఇదే పద్ధతి.

రోడ్లు: ఓరుగల్లు కోట నేర్పేది

కాకతీయుల కోటను పైనుంచి చూస్తే లోపల రాతిగోడ, దాని చుట్టూ మట్టికోట, నాలుగు దిక్కులా దారులు. శత్రువును ఆపడానికి అంతకన్నా మంచి ప్లాన్ లేదు. బండ్లను ఆపడానికి కూడా లేదు! రింగురోడ్డు వేసి, నాలుగే నాలుగు చోట్ల లోపలికి దారి ఇచ్చే ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. ఊరు పెరిగాక ఆ నాలుగు చోట్లా వాహనాలు బారులు తీరతాయి. రింగు ఉండొచ్చు, కానీ దానిలోకి దారులు ఎక్కువ ఉండాలి. వాటిలో కొన్ని రింగును కలవకుండా పైనుంచో కిందనుంచో దాటిపోవాలి.

ఈ ఆటలో బండి నడిచే తీరు తెలిస్తేనే ట్రాఫిక్ అర్థమవుతుంది. బండి బయల్దేరేటప్పుడే తన దారి ఎంచుకుంటుంది, తర్వాత తిరగాల్సిన మలుపును బట్టి లైను పట్టుకుంటుంది. అందుకే ఆరు లైన్ల రోడ్డులో ఐదు ఖాళీగా ఉండి, ఒక్క లైనులో కిలోమీటరు క్యూ కనిపిస్తుంది. అక్కడ ఇంకో రెండు లైన్లు కలిపినా ఫలితం ఉండదు. ఆ బండ్లన్నీ ఒకే చోటికి పోతున్నాయి కాబట్టి, ఆ చోటికి ఇంకో దారి చూపాలి.

ఎలా చూపాలి?

క్యూ మొదలైన చోట కాదు, క్యూ తల ఎక్కడుందో అక్కడ చూడండి. దాదాపు ఎప్పుడూ అది రెండు చౌరస్తాలు మరీ దగ్గరగా ఉన్న చోటే అవుతుంది. హైవే దిగగానే యాభై అడుగుల్లో సిగ్నల్ పెడితే హైవే మీదికి క్యూ పాకుతుంది. మధ్యలోని చిన్న గల్లీని పెద్దరోడ్డు నుంచి తెంపేయండి. ఆ గల్లీవాళ్లు కొంచెం చుట్టు తిరిగి వస్తారు, కొంప మునగదు.

పెద్దరోడ్లు కలిసే చోట ఆట తనంతట తానే సిగ్నల్ పెడుతుంది. ట్రాఫిక్ రూట్స్ అనే వ్యూలో జంక్షన్ల విభాగానికి వెళ్లి దాన్ని తీసేయొచ్చు, ఏ రోడ్డుకు ప్రాధాన్యమో కూడా చెప్పొచ్చు. చిన్న గల్లీ వచ్చి పెద్దరోడ్డును కలిసే చోట సిగ్నల్ తీసేసి, గల్లీ వైపు స్టాప్ పెడితే చాలాచోట్ల క్యూ కరుగుతుంది. రెండు పెద్దరోడ్లు కలిసే చోట వన్‌వే రోడ్డుతో గుండ్రంగా సర్కిల్ వేయండి. సర్కిల్ లోపల మాత్రం సిగ్నళ్లు ఉండకూడదు.

లారీల సంగతి వేరే చూడాలి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్లినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పరిశ్రమల ప్రాంతాన్ని ఊరికి ఒక పక్కన పెట్టి, దానికి ఊళ్లోంచి కాకుండా నేరుగా హైవే మీదికి సొంత దారి ఇవ్వండి. తర్వాత ఇళ్లున్న ప్రాంతాన్ని ఒక డిస్ట్రిక్ట్‌గా గీసి అక్కడ భారీ వాహనాల నిషేధం పెట్టండి. వరస మాత్రం ఇదే. లారీలకు వేరే దారి ఇవ్వకుండా ముందే నిషేధం పెడితే జామ్ పక్క గల్లీలోకి మారుతుంది, అంతే.

నీళ్లు, మోరీ

నది ఒడ్డున ఊరు కట్టేవాళ్లకు సూత్రం తెలిసిందే: పంపు ఎగువన, మోరీ దిగువన. నీటి వ్యూ తెరిస్తే నీళ్లు ఎటు పారుతున్నాయో కనిపిస్తుంది. పంపు పెట్టేముందు ఒకసారి అది చూడండి, మ్యాప్‌ను చూసి ఊహించుకోవద్దు.

అసలు చిక్కు చెరువుతో వస్తుంది. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మనకు చెరువు గట్టున ఊరు కట్టాలనిపిస్తుంది. ఆటలో నిలవ నీటికి సొంతంగా పారుదల ఉండదు. పంపు నీళ్లు లాగుతుంటే చెరువు నీళ్లన్నీ మెల్లగా దాని వైపే జరుగుతాయి. అదే చెరువులో మోరీ అవతలి గట్టున ఎంత దూరంగా వదిలినా, ఆ మురికి కొన్నాళ్లకు పంపు దగ్గరికి వచ్చి చేరుతుంది. ఇళ్ల మీద జబ్బుల గుర్తులు లేచేసరికి చెరువు సగం గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది.

అప్పుడు చేయాల్సిన పని:

1. మోరీ గొట్టాన్ని చెరువు నుంచి తీసేసి పారే నీటి దగ్గరికి మార్చండి. మురుగునీటి శుద్ధి కేంద్రం అందుబాటులోకి వచ్చాక దాన్ని వాడండి. అందులో కూడా కొంత మురికి మిగులుతుంది, కాబట్టి దాన్నీ పంపు పక్కన పెట్టొద్దు.

2. చెరువు శుభ్రపడేదాకా పంపు ఆపి, వాటర్ టవర్లు పెట్టండి. ఇవి భూగర్భ జలం తోడతాయి. నేల కలుషితమైతే టవర్ నీళ్లూ పాడవుతాయి కాబట్టి ఫ్యాక్టరీలకు, డంపింగ్ యార్డుకు దూరంగా ఉండాలి.

3. ఒకేసారి ఇళ్లన్నిటికీ నీళ్లు ఆగితే పైపుల మీద అనుమానం తర్వాత, ముందు కరెంటు చూడండి. పంపుకు కరెంటు పోతే ఊరంతా ఎండుతుంది.

వరద గురించి ఒక మాట. 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు నాలాలు ఇరుకైపోవడం మీద పెద్ద చర్చే జరిగింది. ఈ ఆటలో వానకు కాలనీ మునగడం జరగదు. సునామీ లాంటి విపత్తులను పక్కనపెడితే, మునిగిందంటే కారణం డ్యామో, ఒకేచోట గుట్టగా పెట్టిన మోరీ గొట్టాలో అయి ఉంటుంది. డ్యామ్ కడితే వెనకాల నీళ్లు లేస్తాయి. ఆ నీళ్లు మత్తడి దూకడానికి దారి లేకపోతే పక్కనున్న పల్లపు నేల మీద పడతాయి. డ్యామ్ పెట్టేముందు దానికి ఎగువన రెండు గట్లూ ఎంత ఎత్తున్నాయో చూడండి. కట్టేశాక నీళ్లు వస్తుంటే, కూల్చేటప్పుడు ఆగిన నీళ్లన్నీ ఒక్కసారి దిగువకు వస్తాయని గుర్తుంచుకుని ముందు గేమ్ సేవ్ చేయండి.

రెండో భాగంలో పైపులు, కరెంటు తీగలు చాలావరకు రోడ్ల వెంటే వస్తాయి కాబట్టి ఆ తలనొప్పి తక్కువ. కానీ అక్కడ గాలి కాలుష్యం కూడా ఉంది, అది గాలి వాటాన్ని బట్టి పోతుంది. రామగుండంలా బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టాలనుకుంటే గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, ఊరికి ఆ వైపు కాకుండా పెట్టాలి.

అందరూ ఒకేసారి చనిపోతున్నారు!

దీన్ని ఆటగాళ్లు డెత్ వేవ్ అంటారు. ఒకేసారి పెద్ద ప్రాంతం జోన్ చేస్తే, అంటే ఇళ్ల కోసం కేటాయిస్తే, వేలమంది దాదాపు ఒకే వయసువాళ్లు వచ్చి దిగుతారు. కొన్నేళ్లకు వాళ్లంతా ఒకేసారి ముసలివాళ్లవుతారు, ఆ తర్వాత ఒకే నెలలో ఊరంతా శవాల గుర్తులే. వైకుంఠ రథాలు ఒక్కోసారి పక్క గల్లీ వదిలేసి ఊరి అవతలికి పోతాయి కాబట్టి పరిస్థితి ఇంకా ముదురుతుంది.

అల మొదలయ్యాక చేయగలిగింది తక్కువ. దహనవాటికలను ఒకేచోట కాకుండా ఊరంతా చెదరగొట్టి పెట్టండి. శ్మశానం నిండిపోతుంది, దహనవాటికకు ఆ బాధ లేదు. ఖాళీ అయిన ఇళ్లను కూల్చి వెంటనే మొత్తం నింపేస్తే మళ్లీ అందరూ ఒకే వయసువాళ్లే వస్తారు, కొన్నేళ్లకు రెండో అల. అందుకే కొంచెం కొంచెంగా నింపాలి. కొత్త కాలనీ వేసేటప్పుడూ అంతే. రెండు మూడు వీధులు జోన్ చేసి, అవి నిండి కొంతకాలం గడిచాక తర్వాతి వీధులు.

సరుకు లేదు, పనివాళ్లు లేరు

దుకాణాల్లో సరుకు లేదంటే, ఫ్యాక్టరీలు చాలకపోవడం ఒక కారణం, సరుకు లారీ దుకాణం దాకా రాలేకపోవడం రెండో కారణం. ముందు రెండోది చూడండి. ఫ్యాక్టరీలు లేకున్నా బయటి నుంచి సరుకు దిగుమతి అవుతుంది, హైవే దారి బాగుంటే చాలు.

పనివాళ్లు లేరనే గుర్తు చాలామందిని తికమక పెడుతుంది. ఊళ్లో నిరుద్యోగులు ఉంటారు, ఫ్యాక్టరీ మాత్రం మనుషుల కోసం ఎదురుచూస్తుంటుంది. బడులు, కాలేజీలు ఊరంతా కట్టేస్తే అందరూ చదువుకుని కూలిపనికి రామంటారు. ఈ ఒక్క విషయంలో ఆట మన ఊళ్ల సంగతి బాగానే పట్టుకుంది. చదువుకున్నవాళ్లు పెరిగేకొద్దీ ఫ్యాక్టరీల జోన్ తగ్గించి ఆఫీసుల జోన్ పెంచండి. సారవంతమైన నేల ఉంటే వ్యవసాయ డిస్ట్రిక్ట్ పెట్టండి, దానివల్ల నేల కలుషితం కాదు. ఖనిజం, నూనె మీద ఆధారపడితే అవి ఎప్పటికో అయిపోతాయి.

పన్ను 9 శాతం దగ్గర మొదలవుతుంది. కాస్త పెంచినా జనం ఊరుకుంటారు, 12 దాటితే సణుగుడు మొదలు.

కాజీపేట లాంటి జంక్షన్ పెట్టాలంటే

లారీల రద్దీ తగ్గించడానికి గూడ్సు టెర్మినల్ మంచి మందు, కానీ తప్పుగా పెడితే అదే కొత్త జబ్బు. బయటి నుంచి వచ్చే గూడ్సు రైళ్లు సగం ఖాళీగా అయినా వస్తూనే ఉంటాయి. ప్యాసింజర్ స్టేషన్, గూడ్సు టెర్మినల్ రెండూ ఒకే పట్టాల మీద ఉంటే ఆ రైళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి. మెయిన్ లైను నుంచి టెర్మినల్‌కు వేరే పాయ తీయండి, రైలు పూర్తిగా మెయిన్ లైను దిగి నిలబడేంత పొడవుండాలి. ఆ టెర్మినల్ ముందు రోడ్డు కూడా లారీల కోసమే ఉంచండి, టెర్మినల్‌ను ఊరి నడిబొడ్డున పెట్టకండి.

మన వరంగల్‌నే కట్టాలనుకుంటే

మొదటి భాగంలోని మ్యాప్ ఎడిటర్‌లో నిజమైన నేల ఎత్తుపల్లాలను హైట్‌మ్యాప్ అనే బొమ్మగా దింపుకోవచ్చు. మ్యాప్ మొత్తం ఒక్కో వైపు 17.28 కిలోమీటర్లు, బొమ్మ 1081 పిక్సెళ్లు, 16 బిట్లు ఉండాలి. మూడు ఊళ్లూ అందులో పడతాయి. కానీ ఆట మామూలుగా ఇచ్చేది తొమ్మిది టైళ్లే (ఊరు కట్టుకునే చదరపు ముక్కలు), అంటే ఒక్కో వైపు ఆరు కిలోమీటర్లు కూడా రాదు. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా కట్టాలంటే మొత్తం 81 టైళ్లూ తెరిచే మాడ్ (ఆటగాళ్లు తయారుచేసి పంచుకునే అదనపు ఫైల్) కావాల్సిందే. రెండో భాగంలో 441 టైళ్లు ఉన్నాయి కాబట్టి ఆ గొడవ లేదు. పద్మాక్షి గుట్ట లాంటివి హైట్‌మ్యాప్‌లో నున్నగా, బోర్లించిన గిన్నెల్లా వస్తాయి, చేత్తో చెక్కుకోక తప్పదు.

ఆటే తెరుచుకోకపోతే

ఎక్కువసార్లు కారణం మాడ్లు. ఆటకు అప్‌డేట్ వచ్చిన మర్నాడు పాత మాడ్లు పనిచేయక లోడింగ్ దగ్గర ఆగిపోతుంది. కంటెంట్ మేనేజర్‌లో మాడ్లన్నీ ఆపి కొత్త ఊరు తెరిచి చూడండి. తెరుచుకుంటే సగం మాడ్లు ఆన్ చేసి మళ్లీ చూడండి. ఆగిపోతే దోషి ఆ సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే, ఒక్కొక్కటిగా చూసేకంటే చాలా తొందరగా దొరుకుతుంది. ట్రాఫిక్ మేనేజర్ లాంటి పెద్ద మాడ్‌కు రెండు వెర్షన్లు ఒకేసారి ఎక్కి ఉన్నా ఇదే జరుగుతుంది.

మాడ్లు కాకపోతే ర్యామ్. ఆటగాళ్లు తయారుచేసినవి పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్ నుంచి దించిన బిల్డింగులు, బండ్లు అన్నీ ఊరు తెరిచేటప్పుడే ర్యామ్‌లోకి ఎక్కుతాయి, మీరు వాటిని ఊళ్లో వాడినా వాడకున్నా. 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో వందల బిల్డింగులు సబ్‌స్క్రైబ్ చేసుకుంటే సగంలో ఆగిపోవడం మామూలే. వాడనివి తీసేయండి, విండోస్‌లో పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి, లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్ మూసేయండి.

ఊరు తెరుచుకుని కూడా నత్తలా నడుస్తుంటే గ్రాఫిక్స్ తగ్గించి చూడండి. అయినా మార్పు లేకపోతే అది ప్రాసెసర్ పరిమితి. లక్షల మంది జనాభా ఉన్న ఊళ్లో ప్రతి బండికీ దారి లెక్కించాలి మరి. వేగం మూడు నుంచి రెండుకు తగ్గించుకోవడం, బస్సులు, మెట్రో పెంచి కార్లు తగ్గించడం తప్ప పెద్దగా చేసేది లేదు.

ఆటోసేవ్ ఆన్‌లో పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. రోజుకో కొత్త పేరుతో సేవ్ చేయండి. ఊరు చెడిపోయాక అదే పేరు మీద సేవ్ చేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు. విండోస్‌లో ఈ ఫైళ్లు యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్‌లో, కలోసల్ ఆర్డర్ పేరు కింద, సిటీస్ స్కైలైన్స్‌లోని సేవ్స్‌లో ఉంటాయి. యాప్‌డేటా ఫోల్డర్ మామూలుగా కనిపించదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫోల్డర్లు చూపించమని పెట్టాలి. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించేముందు ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోమని షాపువాళ్లకు చెప్పడం మరిచిపోకండి, వాళ్లు సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వరకే చూస్తారు.